ఇద్దరు సాక్షులు

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఒకే ప్రశ్న మూడు రకాలుగా వచ్చింది. నవలకి కథంతా ముందే అనుకోవాలా, రాస్తూ పోతే అదే దొరుకుతుందా అని. నా సంగతి చెబుతాను, పనికొస్తే తీసుకోండి.

నా రెండో నవలకి 24 అధ్యాయాల ప్లాను వేశాను. లాంగ్ నోట్‌బుక్కు, మూడు రంగుల పెన్నులు, పెద్ద హడావిడి. కథ చిన్నదే. తమ్ముడు ముసలి తండ్రిని టౌనుకి తీసుకెళ్లి ఎకరంన్నర అమ్మించేస్తాడు. అన్నకే కాదు, ఊళ్లో ఎవ్వరికీ తెలీదు. 18వ అధ్యాయంలో గుట్టు రట్టవుతుంది.

ఏడో అధ్యాయంలో రిజిస్ట్రేషన్ సీను. ఓసారి చూసొద్దామని ఆఫీసుకెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్నా. లోపల ఒక పెద్దాయన బొటనవేలు పట్టుకుని మెషీన్ మీద నొక్కుతున్నారు. చేలో పనిచేసి అరిగిపోయిన వేలు, ముద్ర పడటం లేదు. ఆయన పంచెకి తుడుచుకుని మళ్లీ పెట్టాడు. ఊహూఁ. ఇంతలో కేక: "సాక్షులేరండీ? ఇద్దరూ రావాలి!"

నా ప్లాను అక్కడే కూలింది. ఇద్దరు సాక్షులుండగా ఎవరికీ తెలియని అమ్మకమేమిటి? ఒక సాక్షిని దస్తావేజు రాసేవాడే చూసిపెడతాడనుకుందాం. రెండోవాడు? వారం రోజులు కొట్టుకున్నాను. చివరికి, అన్న రోజూ పొద్దున్నే వెళ్లి కూర్చునే టీకొట్టాయన అయితే? ఆ సంతకం కడుపులో పెట్టుకుని రోజూ అన్న చేతికి గ్లాసు అందిస్తున్నాడు. అంతే, నవల ఆయనదైపోయింది.

పాత్రలే మమ్మల్ని నడిపించాయని రచయితలు సభల్లో అంటుంటారు. నాకంత నమ్మకం లేదు. నన్ను నడిపించింది రిజిస్ట్రేషన్ ఆఫీసు పద్ధతి! అయితే ప్లానే లేకపోతే ఆ ఆఫీసుకి వెళ్లేవాణ్నే కాదు. దొరికాక మళ్లీ మొదటి అధ్యాయానికెళ్లి టీకొట్టు కట్టాల్సి వచ్చింది. దానికే నాలుగు నెలలు పట్టింది.

వెనక్కి వెళ్లే వీలు అందరికీ ఉండదు. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్స్ తన నవలల్ని నెలనెలా భాగాలుగా అచ్చుకిచ్చేవాడు. అచ్చయింది దిద్దడం కుదరదు. అందుకని ఒక్కో భాగానికి ఒక కాగితం పెట్టుకున్నాడు. కుడివైపు అధ్యాయాలు. ఎడమవైపు తనని తానే అడుక్కున్న ప్రశ్నలు, వాటి పక్కనే 'సరే', 'వద్దు', 'ఇప్పుడే కాదు' అని జవాబులు. నాకు ఆ 'ఇప్పుడే కాదు' చాలా ఇష్టం. ఆఖరి నవల 12 భాగాలనుకుని, ఆరు రాసి 1870లో పోయాడు. అందులో అసలు హత్య జరిగిందో లేదో పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వారపత్రికలకి సీరియల్స్ రాసిన మనవాళ్లు పడ్డదీ ఇదే తిప్పలు.

ఇక 'వేయిపడగలు'. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీకి 1934లో విశ్వనాథ సత్యనారాయణగారు 29 రోజుల్లో చెబుతూ పోతే, తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. ఇది వినగానే మన కుర్రాళ్లు "చూశారా, ప్లాను అక్కర్లేదు" అంటారు. నాయనా, ఆ కోట, ఆ గుడి, ఆ ఊరు ఆయన మనసులో ఎన్నేళ్లుగా ఉన్నాయో 29 రోజుల లెక్కలోకి రాదు. నీ మనసులో ఏ ఊరుంది?

అదిగో, టీ వచ్చినట్టుంది. తాగాక మీ నోట్‌బుక్కులు పట్టుకురండి. ఒక్కొక్కరినీ సాక్షులెవరని అడుగుతాను.