మీటర్ ముందు ఒక్క నిమిషం

(ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, కింద కుర్చీల్లో కూర్చున్న అసలు పెద్దలకు, వెనక నిలబడి ఎప్పుడైపోతుందా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. నాకు ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. నాకంటే ముందు మాట్లాడినాయన అందులో సగం వాడేసుకున్నారు. పోనీలెండి, పొదుపు గురించే కదా నేను మాట్లాడాల్సింది.

ఆహ్వాన పత్రంలో నా అంశం ‘ఇంట్లో విద్యుత్ పొదుపు: పది సూత్రాలు’ అని వేశారు. పది సూత్రాలు నా దగ్గర లేవు. ఉన్నా చెప్పను. బల్బులు మార్చండి, ఫ్రిజ్ తలుపు తీసి పెట్టి ఆలోచించకండి, గదిలోంచి వెళ్తూ ఫ్యాను ఆపండి... ఇవన్నీ కరపత్రాల్లో చదివారు, గోడల మీద చూశారు, మీ పిల్లలకు మీరే చెప్పారు. ఇంకోసారి నా నోట వింటే కొత్తగా ఒరిగేదేమీ లేదు. నేను అడగడానికి వచ్చింది ఒకే ఒక్క అలవాటు. రాత్రి పడుకోబోయే ముందు వెళ్లి మీ కరెంటు మీటర్‌ని ఒక్క నిమిషం చూడండి. ఏదీ ఆపమని కూడా అనడం లేదు. చూడండి, చాలు.

నేనెవరో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. నా సర్వీసంతా మీటర్ల దగ్గరే గడిచింది. మొదట్లో రీడింగులు తీశాను. తర్వాత, మీటర్ తప్పుగా తిరుగుతోందని ఫిర్యాదు వస్తే వెళ్లి పరీక్ష చేసే పని. ఆ పనిలో ఏ ఇంటికెళ్లినా వినిపించే మాట ఒకటే: “మా మీటర్ దెయ్యం పట్టినట్టు తిరుగుతోందండీ!” ఇంట్లో మనుషులు మంచివాళ్లు, కొన్న వస్తువులు మంచివి, మీటర్ ఒక్కటే దొంగ. ఆ మాటలు పడీ పడీ విసిగిపోయినవాణ్ని. ఇవాళ మైకు దొరికింది కాబట్టి మీటర్ తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

మీటర్లలో నిజంగా పాడయ్యేవి లేవా అంటే ఉన్నాయి, నేనే మార్పించాను. కానీ చాలా ఇళ్లలో మీటర్ నిజమే చెబుతోంది. మనకే వినే ఓపిక లేదు.

కొత్త మీటర్ పెట్టిన దగ్గర్నుంచి బిల్లు పెరిగిందని మీలో చాలామంది అంటారు. నిజమే, పెరిగి ఉండొచ్చు. పాత మీటర్లో అల్యూమినియం చక్రం ఒకటి తిరిగేది, గుర్తుందా? దాని అంచు మీద నల్ల గీత ఉండేది. మరీ చిన్న లోడు మీద ఆ చక్రం కదిలేది కాదు. అరిగిపోయిన మీటర్ అయితే మరీనూ. ఎలక్ట్రానిక్ మీటర్‌కి ఆ బద్ధకం లేదు. నాలుగైదు వాట్లు లాగినా పట్టుకుంటుంది. అంటే ఆ కరెంటు మీరు ఇదివరకూ వాడారు, అప్పట్లో అది లెక్కలోకి రాలేదు. దీనికి కొత్త మీటర్‌ని తిట్టి ఏం లాభం?

సరే, ఆ మీటర్ ఏం చెబుతుందో చూద్దాం. ముందు భాగంలో చిన్న ఎర్ర లైటు ఉంటుంది. మినుకుమంటూ కొడుతూ ఉంటుంది. దాని దగ్గర ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. కొన్నింటి మీద 3200, కొన్నింటి మీద 1600, కొన్నింటి మీద 1000. ఆ లైటు అన్నిసార్లు కొడితే ఒక యూనిట్ కాలినట్టు. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే అయ్యే ఖర్చు.

పిల్లలూ, మీరు రాసుకోండి, పెద్దవాళ్లు ఎలాగూ మర్చిపోతారు. మీ మీటర్ మీద 3200 ఉందనుకోండి. ఒకసారి లైటు కొట్టాక మళ్లీ కొట్టేలోపు ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. 1125ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చిందే ఆ క్షణాన మీ ఇల్లు లాగుతున్న వాట్లు. 1600 మీటరైతే 2250ని, 1000 మీటరైతే 3600ని భాగించాలి. ఇంతకన్నా పెద్ద లెక్కలు మీరు స్కూల్లో చేస్తున్నారు.

ఇక్కడ మీకొక ఇంటి సంగతి చెప్పాలి. త్వరగా ముగించేస్తాను అని మాత్రం మాటివ్వను.

ఒక పెద్దాయన. రెండంతస్తుల ఇల్లు. మా ఆఫీసుకి అర్జీ మీద అర్జీ పెడుతున్నారు, మీటర్ జంప్ అవుతోందని. సాయంత్రం పూట వెళ్లాను. నేను లోపల అడుగుపెట్టేసరికి ఆయన మనవడి మీద కేకలేస్తున్నారు. “ఇంకా చీకటైనా పడలేదు, అప్పుడే లైటెందుకురా? కరెంటేమైనా ఊరికే వస్తోందా?” ఆ కుర్రాడు పుస్తకం ముందు పెట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. నేను ఆ బల్బు చూశాను. 9 వాట్ల ఎల్ఈడీ. ఒక యూనిట్ కాల్చాలంటే అది 111 గంటలు వెలగాలి. ఆ పిల్లాడు పరీక్షలన్నీ చదివేసుకుంటాడు ఆ యూనిట్‌తో. ఆ మాట పైకి అనలేదు, ముందు నా పని చూసుకోవాలిగా.

“అన్నీ ఆపేయండి సార్” అన్నాను. ఆపేశారు. రిమోట్‌తో టీవీ ఆపారు, లైట్లు, ఫ్యాన్లు ఆపారు, నేనుండగానే ఫ్రిజ్ ప్లగ్గు తీశారు. వచ్చి మీటర్ ముందు నిలబడ్డాం. లైటు కొట్టింది. గెలిచినట్టు నా వైపు చూశారు. “చూశావా బాబూ, ఇల్లంతా ఆపేసినా కొడుతోంది. ఇదీ మీ మీటర్ సంగతి.”

వాచీ చూశాను. ఇరవై సెకన్లకు మళ్లీ కొట్టింది. ఇంకో ఇరవైకి మళ్లీ. 3200 మీటర్ అది. 1125ని 20తో భాగిస్తే 56 వాట్లు వస్తుంది. ఇల్లంతా ‘ఆపేసిన’ తర్వాత! మళ్లీ లోపలికెళ్లి ఒక్కొక్కటే చూశాం. టీవీ కింద సెట్‌టాప్ బాక్సు, చేయి పెడితే వెచ్చగా ఉంది. అటక దగ్గర వైఫై రూటర్. మూలన ఇన్వర్టర్. నడవని ఏసీకి స్టెబిలైజర్. ఏదీ గొంతెత్తదు, అన్నీ తాగుతూనే ఉన్నాయి. 56 వాట్లు అంటే తేలిగ్గా తీసిపారేయకండి. పగలూ రాత్రీ నడిస్తే నెలకు 40 యూనిట్లు, ఏడాదికి 490. ఒక్క వాట్ ఏడాది పొడుగునా నడిస్తే 8.76 యూనిట్లవుతుంది, ఈ అంకె గుర్తుపెట్టుకుంటే ఇంకేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కథ ఇంకా అవలేదు. మళ్లీ మీటర్ దగ్గరికొచ్చి నేను కాగితం మీద రాస్తున్నాను. ఉన్నట్టుండి లైటు టకటకా కొట్టడం మొదలుపెట్టింది. సెకనుకు దాదాపు రెండుసార్లు! పెద్దాయన భార్య “అమ్మో, ఇదే, ఇదే! రాత్రిళ్లు ఇలాగే కొడుతుంది” అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఎవరూ ఏ స్విచ్చూ వెయ్యలేదు. మూడు నిమిషాలపాటు కొట్టింది. టక్కున ఆగి మళ్లీ ఇరవై సెకన్ల నడకకొచ్చేసింది.

సెకనుకు దాదాపు రెండుసార్లంటే 2000 వాట్ల దరిదాపు. ఇంట్లో అంత లాగి, తనంతట తను ఆగేది ఏముంటుంది? “గీజర్ ఎక్కడుందండీ?” అన్నాను. కింద బాత్‌రూమ్‌లో గీజర్ స్విచ్ ఆపే ఉంది. అప్పుడా కుర్రాడు, తిట్లు తిన్న ఆ కుర్రాడే, మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. పైనుంచి కేక: “తాతా! ఇక్కడ ఎర్ర లైటు వెలుగుతోంది!”

చుట్టాలొచ్చి వెళ్లారట. పైన బాత్‌రూమ్‌లో గీజర్ వేసుకుని, మర్చిపోయి వెళ్లిపోయారట. ఎప్పుడు వెళ్లారంటే భార్యాభర్తలిద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. ఎవరూ పైకి వెళ్లరు. ఎవరూ ఆ నీళ్లు వాడరు. గీజర్ పని గీజర్ చేస్తోంది. నీళ్లు కాస్త చల్లారగానే థర్మోస్టాట్ ఆన్ అవుతుంది, మళ్లీ కాచి ఆగుతుంది. ఇలా ఎవరి స్నానానికీ పనికిరాని నీళ్లను కాచి కాచి, రోజుకు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా గోడలకు, గాలికి ధారపోస్తుంది. కన్నం పడిన కుండను నింపుతూ కూర్చోవడమే అది.

ఆ మనవడు కిందికి దిగొచ్చిన తీరు మీరు చూడాల్సింది. పెద్దాయన ఏమన్నారంటారా? “సరేలేవయ్యా, గీజర్ సంగతి వేరు. అయినా మీ మీటర్ కొంచెం స్పీడే.” నా రిపోర్టు మీద సంతకం పెట్టడానికి ఇంకో అరగంట వాదించారు.

నవ్వుకోండి. కానీ ఆ పెద్దాయన మనందరి ఇళ్లలోనూ ఉన్నాడు. కంటికి కనిపించేదే ఖర్చనుకుంటాం. బల్బు వెలుగుతుంది కాబట్టి తిడతాం. గీజర్ లోపల ఏం జరుగుతోందో కనపడదు కాబట్టి క్షమించేస్తాం. ఫోన్ చార్జర్‌ని సాకెట్‌లో వదిలేశారని ఇంట్లో గొడవలు పడేవాళ్లను చూశాను. మంచి చార్జర్ ఊరికే వేలాడుతూ ఉంటే పదో వంతు వాట్ తీసుకుంటుందేమో. 15 లీటర్ల బకెట్ నీళ్లను 30 డిగ్రీలు వేడెక్కించాలంటే అర యూనిట్ పైన పడుతుంది. ఆ చార్జర్ ఏడు నెలలు గోడకు వేలాడితే ఒక బకెట్ వేడినీళ్ల ఖర్చు. చార్జర్ తీయండి, మంచిదే, నేనూ తీస్తాను. తీసేసి దేశాన్ని ఉద్ధరించినట్టు వెళ్లి గంటసేపు షవర్ కింద నిలబడితే మాత్రం లెక్క కుదరదు.

ఈ ఆపినా తాగే జబ్బుని ప్రపంచం గమనించలేదని కాదు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ‘ఒక్క వాట్’ ప్రయత్నం మొదలుపెట్టింది. స్టాండ్‌బైలో, అంటే ఆపినా ప్లగ్గులో మేలుకుని ఉన్న ఏ వస్తువూ ఒక వాట్ దాటకూడదన్నది లక్ష్యం. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్త అలన్ మైయర్ దాని వెనకున్న మనిషి. యూరప్‌లో 2010 నుంచి అది చట్టమైంది, 2013లో ఇంకా బిగించి చాలా వస్తువులకు అర వాట్ చేశారు. కొత్త టీవీలు రిమోట్‌తో ఆపినా నయమే అంటే కారణం అదే. రూటర్, సెట్‌టాప్ బాక్సు లాంటివి ఎప్పుడూ నెట్‌వర్క్ పట్టుకుని మేలుకునే ఉండాలి కాబట్టి వాటి లెక్క వేరు, వాటితో మన బాధ మనం పడాల్సిందే. ఎవరో ఎక్కడో నిబంధన రాశారు, ఫలితం మన హాల్లోకి వచ్చింది, మంచిదే. కానీ పైన బాత్‌రూమ్ గీజర్‌ని ఆపే నిబంధన ఎవరూ రాయలేరు.

అధ్యక్షుల వారు వాచీ చూసుకుంటున్నారు. నేనూ చూశాను సార్. ఇంకొక్క మాట.

చేతులెత్తండి, మొహమాటం వద్దు: మీ ఇంటి మీటర్ నిన్న ఎంత రీడింగ్ చూపించిందో తెలిసినవాళ్లు? ఒక్కరూ లేరు. క్రికెట్ స్కోరు తెలిసినవాళ్లు? చూశారా, హాలంతా లేచింది. మిమ్మల్ని తప్పుపట్టను. స్కోరు మీ కళ్లముందు ఉంటుంది. మీటర్ ఎక్కడుంటుంది? మెట్ల కింద, చెప్పుల స్టాండ్ వెనక, సెల్లార్‌లో తాళం వేసిన గదిలో. ఇల్లు కట్టేవాళ్లకు మీటరంటే దాచాల్సిన వస్తువు.

డోనెల్లా మెడోస్ అనే శాస్త్రవేత్త ఒక ముచ్చట చెప్పేవారు. 1973 చమురు సంక్షోభం రోజుల్లో తను విన్నదట. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒకేలా కట్టిన ఇళ్లు. కొన్నింటికి మీటర్ నేలమాళిగలో పెట్టారు, కొన్నింటికి ముందు హాల్లో, వస్తూ పోతూ కనపడేలా. హాల్లో మీటర్ ఉన్న ఇళ్లలో కరెంటు వాడకం దాదాపు మూడో వంతు తక్కువ. ఆవిడ విన్న కథగానే చెప్పారు, నేనూ అలాగే చెబుతున్నాను. కానీ ఇన్నేళ్లు ఇళ్లిళ్లూ తిరిగిన నాకు అందులో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు. మీటర్ ముఖం రోజూ చూసే ఇంట్లో ‘ఇదేంటి, ఇవాళ తొందరపడుతోంది’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ ‘ఎవరో ఒకరు’ ఉంటే చాలు.

అలవాటు ఎలా చేసుకోవాలంటే, తలుపు గడియ పెట్టడానికి ఎలాగూ వెళ్తారు కదా, దానికి జత చేయండి. మొదట్లో మీ ఇంటి రాత్రి నడక ఎంతో తెలుసుకోండి. పది సెకన్లకు ఒకసారా, ఇరవైకి ఒకసారా. ఫ్రిజ్ మోటార్ నడుస్తుంటే వేగంగా కొడుతుంది, కంగారు పడకండి, అది ఆగేదాకా ఉండి చూడండి. ఫ్రిజ్‌ని రాత్రిపూట ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, లోపలివి పాడవుతాయి, పొద్దున మళ్లీ చల్లబరచడానికి ఆ కరెంటులో చాలావరకు లాగేస్తుంది. మీ ఇంటి నడక తెలిశాక, ఏదో ఒకరోజు అది తప్పుతుంది. ఆ రోజు లోపలికెళ్లి వెతుకుతారు చూడండి, అదే నేను అడుగుతున్న అలవాటు. మిగతా తొమ్మిది సూత్రాలు మీటరే చెబుతుంది.

అనుమానం పోనివాళ్లకు ఒక పరీక్ష. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేసి మీటర్ ముందు పావుగంట నిలబడండి. సీలు జోలికి మాత్రం వెళ్లకండి. మెయిన్ ఆపాక లైటు ఆగిపోయిందా, దెయ్యం మీ ఇంట్లోనే ఉంది. అది ఆపినా లైటు కొడుతూనే ఉందా, మీటర్‌లోనో, మీటర్‌కీ మెయిన్‌కీ మధ్య వైరులోనో లోపం ఉంది. అప్పుడు ఫిర్యాదు రాయండి, గట్టిగా రాయండి, కింద సాక్షి సంతకం నేను పెడతాను.

ఇక కార్యదర్శి గారూ, ఇంత మాట్లాడాక మీతో ఒక పని ఉంది. ఇవాళ వస్తూ ఈ బిల్డింగ్ సెల్లార్‌లో మీటర్ల గది చూద్దామని వెళ్లాను. తాళం వేసి ఉంది. వాచ్‌మన్ని అడిగితే తాళంచెవి మీ దగ్గరుందన్నాడు. ఎవరూ ముట్టుకోకుండా తాళం వేశారు, అర్థమైంది. దాని తలుపుకి లోపలి మీటర్లు కనపడేలా అద్దం పెట్టించడానికి ఎంతవుతుంది? ఇవాళ్టి ఎజెండాలో చివరి అంశం ‘ఇతరములు’ అని ఉంది. దాని కింద ఈ తీర్మానం రాయించండి. బలపరిచేవాళ్లు ఇందాక స్కోరుకి ఎత్తిన చేతులే మళ్లీ ఎత్తండి.