మార్చిలో పీకేది, అక్టోబరులో వెతికేది

మిద్దెతోటల మిత్రులందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి చెప్పిన మంచి మాటలు అలా ఉంచుదాం. ఎండ ముదరకముందే మీరు ఇళ్లు చేరాలి. నాకిచ్చిన అంశం ‘వేసవి ఆకుకూరలు’. దాని గురించి చెబుతాను. ముందు ఒక తొట్టి తగాదా తేలాలి: పాత మొక్కలు పీకాలా, విత్తనానికి వదలాలా?

చలికాలం మొదట్లో చల్లిన పాలకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూర ఇప్పుడు పూతకొచ్చాయి. ఆకు ముదిరింది, ఇక పనికిరాదని మొత్తం పీకి ఆ తొట్టిలోనే తోటకూర చల్లుతాం. దసరా రాగానే విత్తనాల దుకాణం ముందు నిలబడతాం. అప్పుడు డబ్బిచ్చి కొనేది ఇప్పుడు పీకి పారేసిందేనండీ!

సరే, తోటకూర. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మడికి అర చెంచా గింజలు చాలు. గుప్పెడు చల్లితే మొలకలు ఒత్తుగా వచ్చి నారుకుళ్లు తగులుతుంది. పది రెట్లు సన్న ఇసుక కలిపి చల్లండి. పైన అర సెంటీమీటరు మట్టి చాలు, లోతుగా పడితే మొలవదు. చీమలు గింజల్ని మోసుకుపోతుంటే మడి అంచున బియ్యం నూక చల్లండి, వాటి దృష్టి అటు పోతుంది. నాలుగైదు రోజుల్లో మొలక, నెలకల్లా కూర. ఆకు అడుగున తెల్ల పొక్కులు కనిపిస్తే అది తెల్ల తుప్పు. ఆ ఆకులు తీసేసి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో, పొద్దున్నే పోయండి.

కొత్తిమీర ఇప్పుడు వేస్తే పైన 50 శాతం షేడ్‌నెట్ ఉండాలి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టాలి. ఏప్రిల్ దాటాక దానితో కుస్తీ ఎందుకు? నాలుగు కణుపుల బచ్చలి తీగ ముక్క గుచ్చండి, హాయిగా పాకుతుంది. గోంగూరది ఇంకో స్వభావం. ఇప్పుడు చల్లితే వేసవంతా ఆకే. పగటి పొద్దు తగ్గాక గానీ పూయదు. విత్తనం కావాలంటే రెండు మొక్కల్ని సంక్రాంతి దాకా ఉండనివ్వాలి.

మళ్లీ తగాదాకే వస్తున్నా. తొట్టి మొత్తం వదలమనడం లేదు, ఒక మూల వదలండి. మెంతి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి రెండు మొక్కలున్నా సరిపోతుంది. పాలకూరకి గాలి పుప్పొడి మోస్తుంది, కనీసం అరడజను మొక్కలుండాలి. దగ్గర్లో బీట్‌రూట్ పూతలో ఉంటే రెండూ కలిసిపోతాయి, జాగ్రత్త. మెంతి కాయ పసుపు తిరగ్గానే కోయండి, ఎండిపోయేదాకా ఆగితే పగిలి రాలుతుంది. పాలకూర గుత్తులు గోధుమరంగుకి రావాలి. పాలకూరలో మనం గింజ అనుకునేది నిజానికి రెండు మూడు గింజల ముద్ద. అందుకే ఒకచోట రెండు మూడు మొలకలొస్తాయి.

కోసినదాన్ని నీడన ఆరబెట్టి సీసాలో పెట్టడం అందరికీ తెలుసు. పాడయ్యేది అక్కడ కాదు, జులై నుంచి సెప్టెంబరు వరకు వానాకాలపు తేమలో. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. బియ్యం వేయించి, పూర్తిగా చల్లార్చి, గుడ్డలో మూటకట్టి సీసా అడుగున వేయండి, మూత బిగించండి. వేడి బియ్యం వేస్తే సీసాలో చెమట పట్టి మొదటికే మోసం.

ఇక ప్యాకెట్లు. ఇక్కడ నాకు ఒళ్లు మండుతుంది, క్షమించాలి. ముందు బొమ్మ చూసి కొంటారు, వెనక్కి తిప్పరు! పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం వెనకే ఉంటాయి. నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనానికి మొదటి గడువు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. కనీస మొలక టమాట, వంగలకు 70 శాతం, మిరప, క్యారెట్‌లకు 60. ఎండ తగిలే గుమ్మానికి వేలాడదీసిన ప్యాకెట్టు గడువులో ఉన్నా నమ్మకండి. ‘దేశీ’ అని రాసున్నంత మాత్రాన దేశీ అయిపోదు. ఎఫ్1, అంటే మొదటి తరం సంకర విత్తనం, అని ఉంటే ఆ కాయ గింజ దాచకండి, వచ్చే ఏడు తల్లిలాంటి మొక్క రాదు. దాచుకోవాలంటే సూటి రకాలు, అంటే గింజ దాచి వేసినా తల్లిలాగే వచ్చేవి, కొనండి. టమాటలో అర్క వికాస్, పీకేఎం-1 అలాంటివే. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలోనూ, జాతీయ విత్తనాల సంస్థలోనూ అడగండి. ఉన్న ప్రతి రకమూ ప్రతి నెలా దొరకదు, కాబట్టి ఆగస్టులోనే అడగాలి. సెప్టెంబరు నారుమడికి అక్టోబరులో గింజ కొంటే ఏం లాభం?

కొనక తప్పని వాటితో పంతం వద్దు. క్యాబేజీ, నాంటిస్ క్యారెట్ చలి చాలినంత పడితే గానీ పూయవు. ఆ విత్తనం కొండ ప్రాంతాల నుంచే రావాలి.

కొన్నదైనా దాచినదైనా, చల్లే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. ముల్లంగికి నాలుగు రోజులు, టమాటకు వారం, క్యారెట్‌కు రెండు వారాలు ఆగాలి. 14 మొలిస్తే 70 శాతం. పదే మొలిస్తే పారేయకండి, కాస్త ఎక్కువ చల్లండి. అయిదుకి దిగితే మాత్రం మడి పాడుచేసుకోవద్దు.

ఇంటికెళ్లగానే ఆ పాలకూర మూలకి ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. లేకపోతే సాయంత్రానికి పప్పులో ఉంటుంది. మిరప నారు గురించి చెయ్యెత్తారు కదమ్మా, ముందు మీరడగండి.