మల్లి కోసం సర్దని సంచి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. 'పెంపుడు కుక్కతో కొండయాత్ర: సన్నాహాలు, సామగ్రి' అనే అంశం మీద మాట్లాడమన్నారు. 12 విషయాలు వరుసగా రాసుకుని వచ్చాను. కానీ ముందు ఈ బల్ల మీదున్న సీసా చూడండి. లీటరు సీసా. దాని మీద 'మల్లి' అని రాసి ఉంది. మల్లి చనిపోయి ఆరేళ్లయింది. ఈ సీసా ఆమె పోయాక కొన్నది.

మల్లి మా వీధిలో పుట్టిన తెల్ల కుక్క. బరువు 16 కిలోలు. గుట్ట ఎక్కుతుంటే మాకంటే ముందు పరుగెత్తి, మలుపు దగ్గర ఆగి, మేమంతా కనబడేదాకా వెనక్కి చూసేది. మార్చి నెలలో ఒక ఆదివారం ఏడుగురం కలిసి నగర శివారులోని రాతి గుట్టకు వెళ్లాం. బయలుదేరేసరికే ఎనిమిదయింది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. నా సంచిలో టోపీ, చలువ అద్దాలు, మోకాలి పట్టీ, మారుబట్టలు. మల్లి కోసం నేను తీసుకువెళ్లినవి మెడపట్టీ, తాడు. నీళ్ల సంగతి ఒకరు అడిగారు. 'పైన గుండంలో ఉంటాయిలే' అన్నాను. గుండం ఎండిపోయి ఉంది.

మన దక్కను గుట్టలు గ్రానైటువి. ఎండెక్కేకొద్దీ బండ కాలుతుంది. మనకు బూట్లున్నాయి, మన ముఖం బండకు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. కుక్క ముఖం అడుగున్నర ఎత్తున ఉంటుంది. దానికి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల్లో కాస్త పడుతుందంతే. నాలుక చాపి వగర్చడమే దానికి ఒళ్లు చల్లబరచుకునే దారి. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 38, 39 డిగ్రీల మధ్య ఉంటుంది. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి.

పదిన్నరకు మల్లి ఒక బండ నీడన పడుకుంది. అంతకుముందు ఎప్పుడూ అలా మధ్యలో పడుకోలేదు. మేం పిలిచాం. పిలిచాం కాబట్టి లేచింది. మిత్రులారా, నేను ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే. కుక్క 'ఇక నావల్ల కాదు' అనదు. మీరు పిలిస్తే లేస్తుంది, కాళ్లు తడబడుతున్నా వస్తుంది. పిలవకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది.

ఇంకో పావుగంటకు కూలిపోయింది. మేం తడి తువ్వాలు కప్పాం. అది తప్పు, తువ్వాలు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. నోట్లో నీళ్లు పోశాం. స్పృహ తప్పుతున్న జీవికి అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేయవలసింది అక్కడికక్కడే నీడలో పెట్టి, పొట్ట మీద, తొడల సందుల్లో నీళ్లు పోస్తూ, ఆపకుండా విసరడం. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి. అంతమందిమి ఉండి ఎవరికీ తెలియలేదు. చేతుల మీద మోసుకుంటూ దిగాం. మొదట వెళ్లిన ఆసుపత్రి ఆదివారమని మూసి ఉంది. రెండోది చేరేసరికి మరో గంట. సెలైను పెట్టారు. మర్నాడు తెల్లవారుజామున పోయింది.

క్షమించండి. సామగ్రికి వస్తాను.

ఇంట్లో కదలకుండా ఉన్న కుక్కకే రోజుకు కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. అంటే మల్లికి ఇంటి దగ్గరే సుమారు లీటరు. ఎండలో నడిస్తే ఇంకా ఎక్కువ. మీ నీళ్లలోంచి ఇద్దామనుకోకండి, దాని పేరు రాసి వేరే సీసా పెట్టండి. మడిచే గిన్నె ఒకటి పెట్టుకుని, అరగంటకోసారి ఆగి కొద్దికొద్దిగా తాగించండి. మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేయండి, వీపు మీద పట్టుకునే పిడి ఉన్నదైతే బండల మీద ఎత్తి దాటించవచ్చు. ముళ్లు, పిడుదులు తీయడానికి పట్టకారు. పాదాల మెత్త కోసుకుంటే కట్టడానికి దూది, గుడ్డపట్టీ. రేబిస్ టీకా గడువు దాటలేదని ఇంట్లోనే చూసుకోండి. వెళ్లే దారిలో ఆదివారం తెరిచి ఉండే పశువైద్యశాల ఏదో ముందురోజే ఫోను చేసి కనుక్కోండి. ఇది సంచిలో పట్టే వస్తువు కాదు, అయినా నా జాబితాలో రెండోది అదే.

మీ సంచిలో ఉన్నవాటిలో కొన్ని దానికి విషం. మనం నడుస్తూ నమిలే వేరుశెనగ, ఎండుద్రాక్ష పొట్లం ఉంటుంది కదా, ఆ ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాలను పాడుచేయగలదు. చాక్లెట్ పెట్టకూడదు. నొప్పికి మనం వేసుకునే పారాసిటమాల్ ప్రేమతో కూడా వేయకండి.

అమ్రాబాద్, కవ్వాల్ వంటి పులుల అభయారణ్యాలకు మాత్రం కుక్కను వెంట తీసుకెళ్లవద్దు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అడవి జంతువులకూ సోకుతుంది. 2018లో గిర్ అడవుల్లో సింహాలను చంపిన వైరస్ అదే. మన ముచ్చట కోసం అడవికి జబ్బు మోసుకుపోకూడదు.

బండ మీద కాలు పెట్టేముందు అరచేతి వెనక భాగం దానికి ఆనించి ఏడు లెక్కపెట్టండి. చేయి తీసేయాలనిపిస్తే ఆ రోజుకు వెనక్కి తిరగండి. ఫిబ్రవరి దాటాక తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎనిమిదికల్లా దిగిపోండి. అంత పొద్దున్నే లేవలేకపోతే ఆ రోజు కుక్కను ఇంట్లోనే ఉంచండి, దయచేసి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. నా కాగితంలో ఇంకా మూడు అంశాలు మిగిలాయి, వాటిని వదిలేస్తాను. సంచిలోంచి ఈ ఒక్కటి తీసి చూపించి దిగిపోతాను. ఇది మందపాటి నూలు దుప్పటి. ఆ రోజు మా దగ్గర ఇది ఉంటే ఇద్దరం రెండు కొసలు పట్టుకుని, మల్లి ఒళ్లు మా ఒంటి వేడికి తగలకుండా, గాలి ఆడేలా మోసుకొచ్చేవాళ్లం. ముందు వరుసలోంచి ఇద్దరు పైకి రండి. పదహారు కిలోల బియ్యం సంచి తెచ్చాను. కొసలు ఎలా ముడివేయాలో, దిగేటప్పుడు ఎవరు ముందు నడవాలో చూపిస్తాను.