బండి ఎక్కడ ఆగాలి?

అందరికీ నమస్కారం.

ఆదివారం వచ్చిందంటే హనుమకొండ నుంచి బండ్లన్నీ ములుగు బాట పడతాయి. రామప్ప, లక్నవరం, తాడ్వాయి, ఏటూరునాగారం, చివరికి బొగత జలపాతం. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ దారి మీద అందరికీ ఆశ పెరిగింది. నాకూ ఉంది. కానీ ఈ దారిని టూరిజం కారిడార్ చేద్దాం అనగానే రోడ్డు ఎంత వెడల్పు, రిసార్టులు ఎన్ని అని మొదలుపెడతాం. నేను అడిగేది వేరు. బండి ఎక్కడ ఆగాలి? ఎక్కడ అస్సలు ఆగకూడదు?

ఏటూరునాగారం అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్ల పైమాటే. దాని నడుమ నుంచే 163వ నంబరు జాతీయ రహదారి పోతుంది. మొన్న ఎండాకాలం తాడ్వాయి దాటాక ఒక కల్వర్టు కిందికి దిగి చూశాను. వాగు ఎండింది గానీ ఇసుకలో ఇంకా తడి ఉంది. ఆ తడిలో అడవి పంది గిట్టల గుర్తులు వరుసగా కల్వర్టు దాకా వచ్చినయి. కల్వర్టు నోటి దగ్గర బిర్యానీ ప్యాకెట్లు, థర్మాకోల్ పళ్లేలు, పగిలిన సీసా. గుర్తులు అక్కడ ఆగి, పక్కకు తిరిగి, గట్టెక్కి నేరుగా రోడ్డు మీదికి పోయినయి. కింద దారి ఉండీ ఆ పంది లారీలకు ఎదురు పోవాల్సి వచ్చింది. మనం పైన బండి ఆపి భోంచేసినందుకు.

ఇదేమీ చేతకాని పని కాదు. మన ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ పోయే 44వ నంబరు రహదారి మీదే, పెంచ్ అడవి దగ్గర, జంతువుల కోసం రోడ్డు కింద తొమ్మిది దారులు కట్టారు. అన్నిటికంటే పెద్దది 750 మీటర్లు. వాటి గుండా పులులు దాటడం కెమెరాలకు చిక్కింది. మన దగ్గర అంత అక్కర లేకపోవచ్చు. ఉన్న కల్వర్టులను ఎత్తు చేసి, వాటికి అటూ ఇటూ బండి ఆపనీయకుంటే సగం పని అయినట్టే.

ఇక బస. ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు పొద్దున పోయినవాళ్లు సాయంత్రానికి ఘాంఘరియాకు దిగిరావాల్సిందే, లోపల రాత్రి బస లేదు. మనమూ బసలన్నీ అడవి బయటి ఊళ్లలోనే పెడదాం. తిండి, గది, గైడు, మూడింటి డబ్బూ కోయగూడేల ఇండ్లకు చేరాలి. 2006 అటవీ హక్కుల చట్టం చుట్టూ ఉన్న అడవిని, వాగులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. అందుకే బండి ఎక్కడ ఆగాలో చూపే మొదటి మ్యాపు గ్రామసభలో గీయాలి. ఏ వాగు దగ్గరికి ఏ నెలలో పోవద్దో అక్కడివాళ్లకు తెలిసినంత మన ఇంజనీర్లకు తెలియదు.

ఇంకో మాట. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు సుమారు 50 వేల చెట్లు నేలకూలినయి. జాగా ఖాళీ అయింది కదా అని అక్కడ పార్కింగ్ అడిగేవాళ్లుంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆ నేలను మళ్లీ మొలవనీయండి.

బండి వదిలి ఎవరు నడుస్తారు, బస్సు ఎవరు ఎక్కుతారు అంటారు. రెండేండ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది. లక్షల మంది ఎక్కుతారు, దిగి జంపన్నవాగు దాకా, అమ్మవార్ల గద్దెల దాకా పిల్లల్ని భుజాన వేసుకొని నడుస్తారు. మనకు రాని విద్య కాదది. వానకాలం ఆదివారాల్లో ములుగులో కార్లు ఆపి, అక్కడి నుంచి బొగతకు బస్సులు నడిపి చూద్దాం. ముందు ఒక్క సీజను.