హీరో ముఖం లేని పోస్టర్: హెన్రిక్ తొమషేవ్‌స్కీపై చర్చ

నిర్వాహకురాలు: ఈ రోజు చర్చ పోలండ్ పోస్టర్ చిత్రకారుడు హెన్రిక్ తొమషేవ్‌స్కీ గురించి. 1914లో వార్సాలో పుట్టారు, 2005లో అక్కడే పోయారు. సార్, సినిమా పోస్టర్లో ఆయన తెచ్చిన మార్పేంటి?

డిజైనర్: తారల ఫొటోలను పక్కన పెట్టేశారండీ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ సినిమాల పంపిణీ ఫిల్మ్ పోల్‌స్కీ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది. పోస్టర్లు వెయ్యమని అడిగితే, ఈయనా ఎరిక్ లిపిన్‌స్కీ వగైరాలూ ‘మా పద్ధతిలో వేస్తాం’ అనే షరతు మీద ఒప్పుకున్నారు. 1948లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ సినిమా పోస్టర్ల ప్రదర్శనలో ఈయనొక్కరికే ఐదు మొదటి బహుమతులు!

నిర్వాహకురాలు: మన దగ్గర హీరో ముఖం లేకుండా పోస్టర్ అంటే నిర్మాత ఊరుకుంటాడా?

అధ్యాపకురాలు: అసలు విషయం అదేనమ్మా. ‘కమ్యూనిస్టు పాలనలోనూ ఎంత స్వేచ్ఛో’ అని చాలామంది మురిసిపోతారు. అక్కడ పంపిణీదారుకి పోటీ లేదు, టికెట్లు తెగవేమోనన్న టెన్షన్ లేదు. సినిమాని అమ్మిపెట్టే బాధ్యత పోస్టర్ మీద పడలేదు. కానీ ఏ పోస్టరైనా సెన్సార్ చూశాకే అచ్చుకి వెళ్ళేది. అది మర్చిపోకూడదు.

డిజైనర్: మర్చిపోలేదండీ. ఆయన గడుసుతనం బయటపడేది అక్కడే కదా. 1981 డిసెంబరులో సైనిక పాలన పెట్టి సాలిడారిటీ అనే కార్మిక సంఘాన్ని అణిచేశారు. రెండు వేళ్ళు చాపి ‘వి’ చూపించడం ఆ సంఘం వాళ్ళకి అలవాటు. 1983లో పోలిష్ రచయిత గొంబ్రోవిచ్ నాటకం ‘చరిత్ర’కి ఈయన వేసిన పోస్టర్లో ఒక పాదం ఉంటుంది. ఆ ‘వి’ చూపిస్తున్నవి కాలివేళ్ళు!

అధ్యాపకురాలు: గెలుపు గుర్తు చూపిస్తున్న ఆ కాలికి చెప్పు కూడా లేదు. ధైర్యం చెబుతున్నాడో, వేళాకోళం చేస్తున్నాడో తేల్చుకోలేం. నాకు మాత్రం ఆ రెండోదే ఎక్కువ ఇష్టం.

నిర్వాహకురాలు: పాఠాలు కూడా చెప్పారు కదా?

డిజైనర్: వార్సా లలితకళల అకాడమీలో, 1952 నుంచి 1985 దాకా. ఫ్రాన్స్ నుంచి కూడా వచ్చి చేరేవారు. పియెర్ బెర్నార్, జెరార్ పారీ-క్లవెల్ ఆయన దగ్గర చదివి వెళ్ళి, 1970లో పారిస్‌లో మిత్రులతో కలిసి గ్రాప్యూస్ అనే గ్రాఫిక్ డిజైనర్ల బృందం పెట్టారు. తక్కువ గీతల్లో ఎక్కువ చెప్పడం ఆయన పద్ధతి. శిల్పి హెన్రీ మూర్ ప్రదర్శనకి 1959లో వేసిన పోస్టర్ చూడండి, ‘మూర్’ అన్న అక్షరాలే శిల్పాల్లా నిలబడతాయి.

నిర్వాహకురాలు: 1989లో కమ్యూనిస్టు పాలన పోయిన తర్వాత?

అధ్యాపకురాలు: మార్కెట్ వచ్చింది, విదేశీ స్టూడియోల ఫొటో పోస్టర్లూ వెంటే వచ్చాయి. సినిమా హాళ్ళ ముందు ఈ కళకి చోటు తగ్గిపోయింది. అందుకే అంటున్నాను, ఈ పోస్టర్లకి గోడలు ఇచ్చింది ఆ పాత వ్యవస్థే.

డిజైనర్: అలాంటి వ్యవస్థ అప్పట్లో వేరే దేశాల్లోనూ ఉండేదండీ. మరి అన్నిచోట్లా తొమషేవ్‌స్కీలు రాలేదే!

అధ్యాపకురాలు: రాలేదు, నిజమే. అమెరికాలో పుట్టుంటే ఈయన్ని ఆ పాదం వెయ్యనిచ్చేవారా?

డిజైనర్: నాటకానికైతే వెయ్యనిచ్చేవారు. సినిమాకి... కష్టమే.

నిర్వాహకురాలు: ఇది ఇప్పట్లో తేలేలా లేదు. చిన్న విరామం తర్వాత ప్రేక్షకుల ప్రశ్నలు తీసుకుందాం.