వాడు, అతను

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒక నౌకరు గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు థామస్ బారో. నిజంగా బతికిన మనిషి కాదు. 'డౌన్‌టన్ అబ్బీ' అనే బ్రిటిష్ టెలివిజన్ సీరియల్లో ఒక పాత్ర. 2010 సెప్టెంబరులో ఐటీవీ ఛానల్లో మొదలైన ఆ సీరియల్ 2015 క్రిస్మస్ రోజున ముగిసింది. మొత్తం 6 సీజన్లు, 52 ఎపిసోడ్లు. రాసింది జూలియన్ ఫెలోస్. కథ 1912 ఏప్రిల్లో టైటానిక్ మునిగిపోయిందన్న వార్తతో మొదలై, 1925 డిసెంబరు 31 అర్ధరాత్రి దగ్గర ఆగుతుంది. యార్క్‌షైర్‌లో ఒక ప్రభువు బంగళా. పై అంతస్తుల్లో ప్రభువు కుటుంబం, కింద వంటింటి చుట్టూ నౌకర్ల లోకం.

దీన్ని మా అక్కా నేనూ కలిసి చూశాం. ఇంగ్లిషు సీరియల్ చూస్తూ తెలుగులో మాట్లాడుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఇంగ్లిషులో ఎవరి గురించైనా 'హీ' అంటే సరిపోతుంది. మనకు అలా కుదరదు. ఒక పాత్ర గురించి నోరు విప్పాలంటే ముందు తేల్చుకోవాలి: వాడా, అతనా, ఆయనా? మనం ఆలోచించకుండానే మన నోరు తీర్పు చెప్పేస్తుంది. మొదటి ఎపిసోడ్ అయ్యేసరికి మా ఇద్దరికీ థామస్ 'వాడు'.

ఎందుకు కాడు? కుంటికాలితో పనిలో చేరిన బేట్స్ అనే మనిషిని సాగనంపాలని మొదటి రోజు నుంచీ ఎత్తులు వేశాడు. యజమాని వైన్ సీసాలు దొంగిలించాడు, ఆ నింద బేట్స్ మీదకు నెట్టబోయాడు. వంటింట్లో పనిచేసే అమాయకపు పిల్ల డైసీని తన అబద్ధాలకు వాడుకున్నాడు. నటుడు రాబ్ జేమ్స్-కోలియర్ ఆ పెదవి చివర నవ్వు నవ్వినప్పుడల్లా అక్క టీవీని తిట్టేది.

అయితే అదే మొదటి ఎపిసోడ్లో ఇంకొక దృశ్యం ఉంది. ఆ ఇంటి పెద్దమ్మాయి మేరీని చూడ్డానికి ఒక డ్యూక్ వస్తాడు. రాత్రి అతని గదిలో థామస్. ఇద్దరికీ అంతకుముందే ప్రేమ ఉందని అప్పుడు తెలుస్తుంది మనకు. తనను సొంత నౌకరుగా వెంట తీసుకెళ్లమని థామస్ అడుగుతాడు. డ్యూక్ ఒప్పుకోడు. నువ్వు రాసిన ఉత్తరాలు నా దగ్గరున్నాయి అని థామస్ బెదిరిస్తాడు. డ్యూక్ ఆ ఉత్తరాలు వెతికి తీసుకుని పొయ్యిలో పడేస్తాడు. థామస్ ముఖం చూడండి అక్కడ. ఆశపడ్డవాడూ బెదిరించినవాడూ ఒకడే. ప్రేమ పోయింది, బెదిరించడానికున్న ఆధారమూ పోయింది. రెండూ ఒకే మంటలో కాలాయి. ఆ కాసేపట్లో రచయిత మనకు తాళంచెవి ఇచ్చేశాడు, కానీ అది ఏ తలుపుదో చెప్పలేదు. మేము పట్టించుకోలేదు. మర్నాడు కూడా 'వాడు' అనే అన్నాం.

పాత కాలపు కథల్లో ఇలాంటి పాత్రలు మనల్ని ఎందుకు వదలవు అన్నది నా ప్రశ్న. 'మంచీ చెడూ కలిసిన పాత్ర' అని సాధారణంగా చెబుతారు. ఆ మాట నాకు చాలదు. చిటికెడు మంచి, గరిటెడు చెడు వేసి కలిపితే మనిషి తయారుకాడు. చేసిన పని మన కళ్లముందే ఉంటుంది, దాని వెనకున్న గాయం ఎక్కడో దూరంగా ఉంటుంది. ఆ రెంటినీ కలిపే పని చూసేవాళ్లకు వదిలేసినప్పుడే ఆ పాత్ర మనదవుతుంది. చారిత్రక కథలో ఆ గాయానికి ఇంకో పొర ఉంటుంది: ఆ కాలపు చట్టం, ఆ కాలపు కట్టుబాటు. వాటిని ఎదుర్కోవడానికి ఆ మనిషి దగ్గర మాటలు కూడా ఉండవు.

చట్టం సంగతి చెబుతాను. ఇంగ్లండులో 1885లో వచ్చిన సవరణ ప్రకారం ఇద్దరు మగవాళ్ల మధ్య శారీరక సంబంధం, నాలుగు గోడల మధ్య ఎవరి కంటా పడకుండా జరిగినా, నేరమే. రెండేళ్ల దాకా జైలు, కఠిన శ్రమతో కూడా వేయవచ్చు. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌ను జైలుకు పంపింది ఈ చట్టమే. 21 ఏళ్లు దాటిన వాళ్ల విషయంలో దాన్ని తొలగించింది 1967లో. థామస్ 1912లో మనకు కనిపిస్తాడు. అంటే ఇంకా 55 ఏళ్లు. ఆ లెక్క అతనికి తెలియదు, మనకు తెలుసు. పిరియడ్ డ్రామా చూసే మనిషి గుండెలో బరువు అక్కడి నుంచే మొదలవుతుందని నా నమ్మకం. తెర మీద వాళ్లు గార్డెన్ పార్టీలో టీ తాగుతుంటారు, తేదీ 1914 ఆగస్టు అని, మొదటి ప్రపంచ యుద్ధం గుమ్మంలో ఉందని మనం చూస్తాం.

ఇంకో సంగతి, ఇది నౌకర్లందరికీ వర్తించేది. ఆ రోజుల్లో ఇంగ్లండులో నౌకరు ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంట్లో చేరాలంటే పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం కావాలి. ఆ ఉత్తరాన్ని వాళ్లు 'క్యారెక్టర్' అనేవారు. అవును, అదే మాట. దొంగ క్యారెక్టర్ రాయడాన్ని నేరం చేస్తూ 1792లోనే ఒక చట్టం వచ్చింది. కానీ యజమాని క్యారెక్టర్ రాసిచ్చి తీరాలన్న నియమం మాత్రం లేదు. ఇవ్వకపోతే ఇవ్వకపోవడమే. పదేళ్లు పనిచేసినా, ఆ కాగితం లేకుండా గేటు దాటితే ఇంకో ఇంట్లో కాలు పెట్టనివ్వరు. మనిషిని మూడు నాలుగు వాక్యాల్లో తేల్చేసే కాగితం. మనమూ 'వాడి క్యారెక్టర్ మంచిది కాదు' అని ఒక్క ముక్కలో అనేస్తాం కదా, నాకు ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి.

థామస్ కథ మలుపు తిరిగేది ఆ కాగితం దగ్గరే. కానీ అక్కడికి వెళ్లే ముందు ఒక సబ్బుముక్క గురించి చెప్పాలి.

ఓబ్రయన్ అని ఆ ఇంటి దొరసాని కోరా దగ్గర పరిచారిక. థామస్‌కు ఎత్తుల్లో జోడీ. 1914 వేసవి. తన స్థానంలో వేరే మనిషిని పెట్టుకోబోతున్నారని ఓబ్రయన్ పొరబడుతుంది. కోరా అప్పుడు గర్భవతి, ఆ ఇంటికి మగ వారసుడు పుడతాడేమో అన్న ఆశ అందరిలో. స్నానాల తొట్టిలో ఉన్న కోరా చేతిలోంచి సబ్బు జారి రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క తొట్టి కిందకు పోతుంది. ఓబ్రయన్ ఒక ముక్క అందిస్తుంది. రెండో ముక్కను, కోరా దిగేటప్పుడు కాలు మోపే చోటికి, కాలితో మెల్లగా తోస్తుంది. తోసి పక్క గదిలోకి వెళ్తుంది. అద్దంలో తన ముఖం చూసుకుంటుంది. 'సారా ఓబ్రయన్, నువ్వు ఇలాంటి మనిషివి కాదు' అని తనకు తానే చెప్పుకుంటుంది. చెప్పడానికి వెనక్కి తిరుగుతుంది. అప్పటికే లోపల కేక.

బిడ్డ పోతుంది. మగబిడ్డ.

ఆ దృశ్యం ఎంతసేపని చూసుకుంటే నిమిషం కూడా ఉండదు. అందులో నన్ను పట్టుకున్నది సబ్బు తోయడం కాదు, వెనక్కి తిరగడం. తిరగకపోయి ఉంటే ఆమె రాక్షసి, మనకు పని సులువు. రెండు అడుగులు ముందే తిరిగి ఉంటే పొరపాటు పడి దిద్దుకున్న మనిషి, అదీ సులువే. ఆ రెంటి మధ్య రెండు అడుగుల ఆలస్యంలో ఆమెను నిలబెట్టారు. షివాన్ ఫినరాన్ అనే నటి ఆ తర్వాత రెండు సీజన్ల పాటు ఆ ఆలస్యాన్ని ముఖం మీద మోసింది. 1919లో స్పానిష్ ఫ్లూతో కోరా చావుబతుకుల్లో ఉంటే, రాత్రంతా మంచం పక్క నుంచి కదలక సేవ చేసేది ఆమే. క్షమాపణ నాలుక చివరి దాకా వస్తుంది, బయటికి రాదు.

ఇక థామస్. యుద్ధం వస్తోందని పసిగట్టి, ముందు వరసకు పంపరన్న ఆశతో వైద్య దళంలో చేరతాడు. ఆ ఎత్తూ పారలేదు. ఫ్రాన్సులో కందకాల్లోనే పడేశారు. ఒక రాత్రి సిగరెట్ లైటర్ వెలిగించి, ఆ చేతిని కందకం అంచు పైకి ఎత్తి పట్టుకుంటాడు. శత్రువు తుపాకీకి గురి చూపించడానికి. తూటా చేతిలోంచి దూసుకుపోతుంది. నొప్పితో కూలబడి, ఆ కాల్చినవాడికి కృతజ్ఞత చెప్పుకుంటాడు. పిరికితనమే, సైనిక చట్టంలో పెద్ద నేరమే. కానీ ఆ చెయ్యి పైకి లేస్తున్నంతసేపూ అక్క ఊపిరి బిగబట్టింది. 'తగలాలి, తగలాలి' అంది. ఎవరిని తిట్టేదో వాడి కోసం.

గాయపడ్డ చేతికి తొడుగు వేసుకుని ఊరి ఆసుపత్రిలో పనికి వస్తాడు. అక్కడ విషవాయువుకు చూపు పోయిన కోర్ట్నీ అనే యువ లెఫ్టినెంట్. అతనికి కర్ర పట్టుకుని నడవడం నేర్పుతాడు థామస్. ఉత్తరాలు చదివి పెడతాడు. తన జీవితమంతా ఎవరో ఒకరు తనను కిందకు తోయడానికే చూశారని, ఎదిరించి నిలబడాలని అతనికి ధైర్యం చెబుతాడు. ఆసుపత్రిలో చోటు చాలక కోర్ట్నీని వేరే చోటికి పంపాలని నిర్ణయిస్తారు. ఆ రాత్రి అతను ప్రాణం తీసుకుంటాడు. థామస్ ఒక మూల కూర్చుని ఏడుస్తాడు. ఆ ఏడుపు ఎవరికోసమో పూర్తిగా చెప్పడానికి ఆ కాలంలో వీలు లేదు. 'అతనికి ఇంకెవరున్నారే' అంది అక్క. 'అతనికి' అన్న సంగతి తనూ గమనించలేదు, నేనూ గమనించలేదు. చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

అక్కడి నుంచి థామస్ మంచివాడైపోయాడనుకోకండి. యుద్ధం అయ్యాక దొంగసరుకు వ్యాపారం పెట్టి, పిండిలో సున్నపు పొడి కలిపిన సరుకు కొని మోసపోయి, గోదాములో దొరికిందల్లా పగలగొట్టాడు. మళ్లీ ఇంట్లో చేరి మళ్లీ ఎత్తులు. మా నోట్లో మళ్లీ 'వాడు'.

1920లో జిమ్మీ అనే కొత్త కుర్రాడు నౌకరుగా వస్తాడు. ఈసారి ఓబ్రయన్, థామస్ శత్రువులు. జిమ్మీకి నీ మీద మనసుందని ఓబ్రయనే అతన్ని నమ్మిస్తుంది. థామస్ ఒక రాత్రి జిమ్మీ గదికి వెళ్లి నిద్రలో ఉన్నవాణ్ని ముద్దు పెట్టుకుంటాడు. తలుపు తెరుచుకుంటుంది, ఇంకొకడు చూస్తాడు. ఇక్కడ తప్పు థామస్‌ది కాదని నేను అనను. నిద్రలో ఉన్నవాడి ఇష్టం ఎవరు అడిగారు? కానీ శిక్ష ఆ తప్పుకు కాదు పడుతున్నది, అతను ఎలా పుట్టాడో దానికి. క్యారెక్టర్ ఇవ్వకుండా పంపేయాలని జిమ్మీ పట్టు, జిమ్మీ వెనక ఓబ్రయన్. రాత్రి వానలో పెరట్లో నిలబడి థామస్ ఏడుస్తుంటాడు.

కాపాడింది ఎవరో తెలుసా? బేట్స్. థామస్ మొదటి రోజు నుంచీ వేధించిన ఆ బేట్స్. అతను చేసేది ఒకటే, ఓబ్రయన్ చెవిలో ఒక్క మాట చెబుతాడు: 'దొరసాని గారి సబ్బు'. ఆ మాట అతనికి ఇచ్చింది థామస్. దాని అర్థమేమిటో బేట్స్‌కు తెలియదు. ఓబ్రయన్ ముఖం పాలిపోతుంది.

కథలో 1914 నుంచి 1920, ఆరేళ్లు. ప్రేక్షకులకు 2010 నవంబరు నుంచి 2012 నవంబరు, రెండేళ్లు. ఆ సబ్బుముక్కను రెండేళ్లు మనసులో పెట్టుకుని తిరిగిన వాళ్లకే ఆ గుసగుస వినిపిస్తుంది. రెండు గంటల సినిమాకు ఈ పని చేతకాదు. మనకు ఆ మనుషులతో కలిసి పాతబడే సమయం కావాలి.

ఒక లోపం చెప్పకుండా ఉండలేను. ఇంత జరిగాక ప్రభువుగారు థామస్‌ను ఉంచేస్తారు, పైగా బట్లర్ కింద పదవి ఇస్తారు. కారణం? ఊరితో క్రికెట్ మ్యాచ్ ఉంది, థామస్ పరుగులు తీస్తాడు. ఆ ఇంటి పెద్దల చల్లని మనసు నాకు ఎప్పుడూ పూర్తిగా నమ్మకం కలిగించలేదు. అప్పటి బంగళాల్లో చాలామంది నౌకర్లకు ఆ అదృష్టం ఉండి ఉండదు. పై అంతస్తును రచయిత ముద్దు చేశాడు. కానీ ఒక మనిషి జీవితం చట్టం చేతిలోంచి తప్పి యజమాని సరదా మీద నిలబడిందన్న సంగతి మాత్రం తలచుకుంటే భయమేస్తుంది.

ఆ పదవితో పిలుపు మారింది. ఆ ఇళ్లలో పిలుపులకు మెట్లుండేవి. కింది నౌకరును పేరుతో పిలుస్తారు, థామస్ అని. మెట్టు ఎక్కితే ఇంటిపేరు, కింది వాళ్ల నోట 'మిస్టర్ బారో'. వంటమనిషికీ ఇల్లు చూసుకునే ఆవిడకూ పెళ్లి కాకపోయినా 'మిసెస్' తగిలిస్తారు. మన వాడు, అతను, ఆయన లాంటిదే వాళ్లకూ ఉంది. తేడా ఏమిటంటే వాళ్ల మెట్టు ఉద్యోగాన్ని బట్టి, మన మెట్టు మనసును బట్టి.

మిస్టర్ బారో అయినంత మాత్రాన ఒంటరితనం పోలేదు. 1924లో పత్రికలో ప్రకటన చూసి, తనను 'మార్చే' వైద్యం కోసం లండన్ వెళ్లి కరెంటు షాకులు పెట్టించుకుంటాడు. తెచ్చుకున్న ఇంజెక్షన్లు తనే పొడుచుకుని చీము పట్టించుకుంటాడు. ఊరి డాక్టర్ చూసి, అందులో ఉన్నది ఉప్పునీరు అని తేలుస్తాడు. మరుసటి ఏడాది ఉద్యోగమూ పోయే పరిస్థితి వచ్చాక చనిపోవాలని చూస్తాడు, తోటి పరిచారిక బాక్స్‌టర్ పరుగున వచ్చి కాపాడుతుంది. మంచంలో ఉన్నప్పుడు మేరీ తన చిన్న కొడుకు జార్జిని తీసుకొస్తుంది. పిల్లవాడి చేతిలో ఒక నారింజ పండు, మిస్టర్ బారో కోసం. ఆ ఇంట్లో ఆ పిల్లవాడికి మాత్రం ఆయన గురించి ఏ క్యారెక్టర్ ఉత్తరమూ అక్కర్లేదు.

చూశారా, 'ఆయన' అనేశాను. అక్కతో ఉన్నప్పుడు మేం 'అతను' దగ్గరే ఆగాం.

ఓబ్రయన్ విషయంలో మాత్రం మాకు ఇప్పటికీ పడదు. 1922లో ఒక రాత్రి, అందరూ పడుకున్నాక, ఒక ఉత్తరం పెట్టేసి పెట్టె పట్టుకుని వెళ్లిపోతుంది, ఇంకో దొరసాని దగ్గర చేరి ఇండియాకు. సబ్బు సంగతి కోరాకు తెలియలేదు, సీరియల్ అయిపోయినా తెలియలేదు. యుద్ధంలో మతి చెదిరి, మళ్లీ కందకాల్లోకే తిప్పి పంపితే చనిపోయిన తోబుట్టువు ఒకడు తనకు ఉండేవాడని, తనకు ఇష్టమైనవాడని, ఒక్కసారి చెప్పింది. అలాంటి జబ్బుతోనే వచ్చిన ఇంకో నౌకరును ఆ ఇంట్లో అందరికంటే దయగా చూసింది. నేను ఇవన్నీ చెప్పి 'ఆమె' అంటాను. అక్క అన్నీ వింటుంది. విని, 'అది ఆ సబ్బును కాలితో తోసింది' అంటుంది.