మౌస్ ఎవరి చేతిలో ఉంది?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: చంద్రగిరి వైపు ఒక ఉన్నత పాఠశాల గణితం టీచర్, శ్రీకాళహస్తి నుంచి డ్రాయింగ్ మాస్టారు, ఏడో తరగతి అమ్మాయి తల్లి.)

వ్యాఖ్యాత: మేడమ్, మీ ల్యాబ్‌లో కంప్యూటర్లు ఎన్ని?

టీచర్: ఉన్నవా, పనిచేసేవా? పనిచేసేవి నాలుగు. క్లాసులో నలభై మంది. నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే.

వ్యాఖ్యాత: మరి బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు తయారుచేసే ఆ స్క్రాచ్ ఎలా నేర్పిస్తున్నారు?

టీచర్: దానికి నెట్ ఉండి తీరాలనేం లేదండీ. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో తెచ్చిన టూల్ అది. ఇన్‌స్టాల్ చేసుకునే యాప్ కూడా ఉంది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి వేసుకుంటే సరి. పిల్లల పని ఎస్‌బీ3 ఫైలుగా ఆ సిస్టమ్‌లోనే సేవ్ అవుతుంది. అకౌంట్లు, పాస్‌వర్డ్‌ల గొడవే లేదు. అసలు చిక్కు నెట్ కాదు, మౌస్. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న అబ్బాయి దాన్ని పట్టుకుంటే బెల్లు కొట్టేదాకా వదలడు.

తల్లి: మా పాపదీ అదే కథ మేడమ్. కంప్యూటర్ క్లాసులో ఏం చేసినావే అని అడిగితే, "వెనక నిలబడుకున్నా" అనింది.

టీచర్: అందుకే మా దగ్గర మౌస్ పట్టినవాళ్లు పక్కవాళ్లు చెప్పిందే చేయాలి. చెప్పేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. కాసేపటికి చేతులు మారాలి. సిస్టమ్ దొరకని వాళ్లకి అట్టముక్కలు. ఒక్కో అట్ట మీద ఒక్కో బ్లాకు రాసి ఉంటుంది: "ముందుకు నడు", "ఇన్ని డిగ్రీలు తిరుగు", "3 సార్లు చెయ్యి". వాటిని పేర్చి, ఒకరు వరండాలో సుద్దముక్కతో గీసుకుంటూ నడుస్తారు. సమబాహు త్రిభుజానికి అందరూ 60 డిగ్రీలే రాస్తారు. నడిస్తే గీత కలవదు. తిరగాల్సింది బాహ్యకోణం, 120. బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది. ఆ తర్వాత సిస్టమ్ దగ్గర వాళ్లకి పట్టే టైమ్ చాలా తక్కువ.

వ్యాఖ్యాత: మాస్టారూ, పోస్టర్లు డిజైన్ చేసే ఆ క్యాన్వా మీద మీకేదో కోపం ఉన్నట్టుంది?

మాస్టారు: కోపమేం లేదు. బడి పిల్లలకీ టీచర్లకీ ఉచిత వెర్షన్ ఇస్తున్నారు, సంతోషం. కానీ సంక్రాంతి పోస్టర్ వేయండిరా అంటే అన్ని గ్రూపులూ ఒకే టెంప్లేట్ తెస్తాయి, పేర్లు మాత్రం వేరు. మా ఊళ్లో కలంకారీ పనివాళ్లు ముందు కాల్చిన చింతపుల్లతో గుడ్డ మీద బొమ్మ గీసుకుంటారు. కలం ఆ తర్వాతే. పిల్లలూ కాగితం మీద గీసి, ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని క్యాన్వాలోకి ఎక్కించాలి. అప్పుడు సిస్టమ్ దగ్గర మిగిలేది రంగులూ అక్షరాలే.

టీచర్: తెలుగు ఫాంట్ వెతకడానికే సగం పీరియడ్ పోతుంది మాస్టారూ! (నవ్వులు)

వ్యాఖ్యాత: ప్రభుత్వం ట్యాబులు, పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెళ్లు ఇచ్చింది కదా?

టీచర్: ఎనిమిదో తరగతికి 2022 డిసెంబరులో ట్యాబులు ఇచ్చారు, పాఠాలు చూడటానికి. ప్యానెల్ నాకు చాలా ఉపయోగం. కానీ ఒకేసారి దాని ముందు నిలబడేది ఒకరిద్దరే.

తల్లి: మా ఫోన్‌లో చేయించొచ్చా మేడమ్?

టీచర్: చేసినవి చూడొచ్చమ్మా. బ్లాకులు పేర్చడానికి ఆ చిన్న స్క్రీన్ చాలదు. మీరు స్కూల్లో ఒకటి అడగండి. హాజరు పట్టీలో మౌస్ పట్టిన వాళ్లకి ఎర్ర టిక్కు పెట్టమనండి. నెల తిరిగేసరికి ఎవరి పేరు పక్కన టిక్కు లేదో టీచర్లకే కనిపిస్తుంది.